నాయన నన్ను ఆటగాడు కాదంటున్నాడు

ప్రశ్న: మాది ధర్మవరం దగ్గర పల్లె. నా వయసు 31. తాతల నాటి నుంచి తోలుబొమ్మలాట ఆడే కుటుంబం. నేను మేకతోలుతో ల్యాంప్ షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేసి ఎగ్జిబిషన్లలో అమ్ముతాను. ఇల్లు దాంతోనే గడుస్తోంది. మా నాయనకు అది గిట్టదు. ‘తోలు కోసి అమ్ముకునేవాడివి, ఆటగాడివి కాదు’ అంటాడు. మొన్న పక్క ఊరి జాతరలో ఆట ఆడమని అడిగితే, ఆర్డర్లు ఉన్నాయని నేనే కుదరదని చెప్పేశాను. అప్పటి నుంచి నాతో మాటల్లేవు. అమ్మ ఉన్నప్పుడు సీతకు, ఆటలో నవ్వించే బంగారక్కకు గొంతు ఆమెదే. మూడేళ్ల కిందట పోయింది. నాకూ నా భార్యకూ ఇంట్లో ఒకటే టెన్షన్. నేను చేసేది మా సంప్రదాయం కాదా?

జవాబు: అమ్మ గురించి మీరు రాసింది రెండే ముక్కలు. నాకు మాత్రం గొడవంతా అక్కడే కనిపిస్తోంది.

ముందు అడిగినదానికి చెప్తాను. మీరు చేసేదీ సంప్రదాయమే. తోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, ఎండలో లాగి కట్టి, వెలుతురు దాటేలా తయారుచేసి, ఉలితో చుక్కలు కొట్టే పనితనం మీకు బజార్లో దొరికింది కాదు. రాత్రంతా సాగే ఆటకు పిలిచేవాళ్లు తగ్గాక మీ ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఎన్నో కుటుంబాలు ల్యాంప్ షేడ్ల మీదే నిలబడ్డాయి. 2020లో పద్మశ్రీ ప్రకటించిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారిదీ ఆ ఊరే. ఆర్డర్లు మానొద్దు, వాటికి సిగ్గుపడనూ వద్దు.

అలాగని నాయన మాట అబద్ధమా? కాదు. బొమ్మ చేయడం వేరు, ఆడించడం వేరు. పుల్లలు ఆడిస్తూ, పద్యం ఎత్తుకుంటూ, కాలి కింద చెక్క తొక్కి యుద్ధం చప్పుడు పుట్టించడం ఉలి పట్టినంత మాత్రాన రాదు. మీ ల్యాంప్ షేడ్ మీద హనుమంతుడు ఉంటాడు గానీ నోరు విప్పడు కదా!

పైగా ఆట ఒక్కడి వల్ల అయ్యేది కాదు. మీ ఇంటి జట్టులో సగం మీ అమ్మ. హాస్యంలో జోడీ అయిన జుట్టుపోలిగాడు ఒకటంటే తిరిగి రెండు అంటించే బంగారక్క ఇప్పుడు లేదు. ఆ గొంతు లేకుండా తెర వెనక నిలబడగలనా లేదా అన్నది నాయన తేల్చుకోవాల్సిన సంగతి. జాతరవాళ్ల పిలుపు అందుకే వచ్చిందని ఆయనకు అనిపించి ఉండొచ్చు. ఒక్క మాట అడక్కుండా మీరు కుదరదనేశారు. మీ వైపు తప్పేదైనా ఉంటే అదే.

క్షమాపణ ఉపన్యాసం పెట్టుకోకండి. ఒక సాయంత్రం బొమ్మల పెట్టె దించి, రావణుడి కొలువు ఘట్టం నేర్పమని అడగండి. రావణుడికి ఆయన, హనుమంతుడికి మీరు. ఆ ఘట్టమే ఎందుకంటే, అందులో ఆడగొంతుతో పని లేదు. బంగారక్క బొమ్మ జోలికి ఇప్పుడే పోవద్దు. ఆమెను ఎప్పుడు తెర మీదికి తేవాలో ఆయనకే వదిలేయండి. నేర్పేటప్పుడు తిడతాడు. తిట్టనివ్వండి, మాటలు మొదలైనట్టే.

ఫోన్లో రికార్డు చేసుకుందామని మీకు అనిపిస్తుంది. మొదటి రోజే వద్దు. ‘నేను పోయేలోపు దాచుకుంటున్నాడు’ అని పెద్దవాళ్లకు తోస్తుంది. కొన్నాళ్లయ్యాక, పద్యం మరిచిపోతున్నానని చెప్పి ఆయన్నే అడిగి చేసుకోండి.

మీ ఆవిడ చేత ఆయనకు కబుర్లు పంపడం మానండి. రేపు ‘కోడలు పాడితే బాగుంటుంది’ అనే మాట వస్తే, అది ఆమెకు ఇష్టమైతేనే.

ఇక జాతరవాళ్లు. వాళ్ల నంబరు మీ దగ్గర ఉండే ఉంటుంది. జాతర అయిపోయిందా, వచ్చే ఏడాది సంగతైనా అడగండి. కాకపోతే ఈసారి ఫోన్ కలిపి నాయన చేతికివ్వండి.