ఆత్మల బేరం నవల: ముందు దస్తావేజు రాయండి

ప్రశ్న: హైదరాబాద్‌లో మనుషుల ఆత్మలు కొనే దళారి మీద ఫాంటసీ నవల మొదలుపెట్టాను. ఐదు అధ్యాయాలయ్యాయి. చదివినవాళ్లు ‘దళారి బాగున్నాడు కానీ భయం వేయడం లేదు’ అంటున్నారు. లోపం ఎక్కడుంది? (నల్గొండ)

సంతకం పెట్టినవాడు ఏం పోగొట్టుకున్నాడో పాఠకుడికి తెలియకపోవడమే లోపం. పొలం అమ్మితే దస్తావేజులో నాలుగు హద్దులూ రాస్తాం. ఆత్మకు హద్దులు రాయకపోతే అది ఉత్త మాటగానే మిగిలిపోతుంది. ఆరో అధ్యాయం పక్కనబెట్టి ముందు ఒక పేజీ ఒప్పందం రాయండి. ఇచ్చేదెవరు, పుచ్చుకునేదెవరు, ఇస్తున్నది ఏమిటి, బదులుగా ఏం వస్తుంది, గడువు ఎంత, సాక్షి ఎవరు, మాట తప్పితే ఏమవుతుంది అన్నీ అందులో ఉండాలి. గడువు అంకెలోనే వేయండి. 1587లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చయిన ఫౌస్ట్ కథలో సైతానుతో ఒప్పందం 24 ఏళ్లకు. ఆ అంకె ఉండబట్టే చివరి రాత్రికి అంత బరువు వచ్చింది.

ఆ పేజీని ఒక స్నేహితుడి చేతికిచ్చి ‘ఇందులోంచి ఎలా తప్పించుకుంటావ్?’ అని అడగండి. పది నిమిషాల్లో దారి దొరికిందంటే, దాన్ని మూసెయ్యండి, లేదా పతాక సన్నివేశానికి దాచుకోండి. ఎర్రన అరణ్యపర్వంలోని సావిత్రి కథను ఈ కన్నుతో ఒకసారి చదవండి. సత్యవంతుడి ప్రాణం తప్ప ఏదైనా కోరుకోమన్నాడు యముడు. మామగారికి చూపు, ఆయన రాజ్యం, తండ్రికి నూరుగురు కొడుకులు అడిగి, ఆ తర్వాత తనకూ నూరుగురు కొడుకులు కావాలంది. ఆయన సరేనన్నాడు. భర్త లేకుండా ఆ వరం నెరవేరదు. ఆమె గెలుపు షరతు లోపలి నుంచే వచ్చింది, పైనుంచి ఊడిపడలేదు. చాలా నవలలు చెడేది ఇక్కడే. అప్పటిదాకా వినని నియమం ఒకటి చివరి అధ్యాయంలో ప్రత్యక్షమై కథానాయకుణ్ణి కాపాడేస్తుంది. మీ ముగింపును నడిపించే నియమం మొదటి మూడు అధ్యాయాల్లోనే, ఏదో చిన్న బేరం సాగుతుండగా, పాఠకుడి చెవిన పడి తీరాలి.

ప్రశ్న: ఆత్మకు నాశనం లేదంటాం కదా. దాన్ని అమ్మడం మన పాఠకులకు ఎలా ఒప్పుతుంది? (రాజమండ్రి)

ఆత్మను అమ్మించకండి, ఆయుష్షునో పుణ్యాన్నో అమ్మించండి. ఇవి చేతులు మారడం మన కథల్లో కొత్తేమీ కాదు. యయాతి తన ముసలితనం కొడుకు పూరుడికిచ్చి, వెయ్యేళ్లకు అతని యౌవనం తీసుకున్నాడు. స్వర్గం నుంచి జారిపడినప్పుడు కూతురి కొడుకులు తమ పుణ్యం ఇవ్వజూపారు. ఆయుష్షును లెక్క కట్టవచ్చు. పుణ్యాన్ని ఒక్కో పనిగా విడదీయవచ్చు: ఫలానా రోజు ఫలానా మనిషికి పెట్టిన అన్నం. అది అమ్మేశాక ఆ తిన్న మనిషి ఎదురుపడి గుర్తుపట్టకపోతే, ఆ ఒక్క సన్నివేశం చాలు. నోట్‌బుక్‌లో పద్దు పెట్టుకోండి. తేదీ, ఇచ్చింది, వచ్చింది, మిగిలింది. రెండు వందల పేజీలు దాటాక ఈ పద్దు లేకుండా నడపడం కష్టం.

ప్రశ్న: మా కథలో కథానాయిక లాయరు. మన చట్టంతోనే ఒప్పందాన్ని ఎదుర్కోవచ్చా? (వరంగల్)

చక్కగా. 1872 నాటి ఒప్పందాల చట్టం చాలా ఆసరా ఇస్తుంది. 18 నిండనివారి ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని, బ్రిటిష్ కాలంలో మనకు చివరి అప్పీలు కోర్టయిన ప్రివీ కౌన్సిల్ 1903లోనే తేల్చింది. కాబట్టి మీ దళారి ముందుగా వయసు అడగాలి. 16వ సెక్షన్ ఇంకా పనికొస్తుంది. జబ్బుతోనో దుఃఖంతోనో మనసు కుంగినవారిపై పట్టు చూపి, అన్యాయంగా లాభపడితే ఆ ఒప్పందాన్ని రద్దు చేయించుకోవచ్చు. ఐసీయూ వరండాలో పెట్టించిన సంతకం అలాంటిదే. అయితే రద్దు చేయించుకోవాలే తప్ప దానంతటది రద్దు కాదు. మీ నాటకమంతా ఆ తేడాలోనే ఉంది.

ఇంకొకటి, ‘అమ్మకం’ అనే మాట బదులు ‘తాకట్టు’ అని రాసి చూడండి. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 60వ సెక్షన్ కింద, తాకట్టు పెట్టినవారికి బాకీ తీర్చి విడిపించుకునే హక్కు ఉంటుంది. అది స్థిరాస్తికి వర్తించే నియమం. ఆత్మ స్థిరాస్తా చరాస్తా అన్న వాదనతోనే ఒక అధ్యాయం నడుస్తుంది. సెక్షన్ల సంఖ్యలు మాత్రం సంభాషణలో రెండు మూడు మించనివ్వకండి.

ప్రశ్న: ఆత్మ బరువు 21 గ్రాములని వాడుకోవచ్చా? (గుంటూరు)

దళారి నోట అబద్ధంగా వాడుకోండి, నిజంగా వద్దు. 1907లో అమెరికా వైద్యుడు డంకన్ మెక్‌డూగల్ చనిపోతున్న ఆరుగురిని తూచి ప్రకటించిన ప్రయోగం అది. 21 గ్రాములన్నది ఒక్క రోగి దగ్గర వచ్చిన అంకె, మిగతావారి దగ్గర ఫలితాలు పొంతన కుదరలేదు.

ప్రశ్న: దళారి అడ్డా అమీర్‌పేట మెట్రో స్టేషన్ అనుకుంటున్నాను. బాగుంటుందా? (ఖమ్మం)

రెండు లైన్లు కలిసే చోటు కాబట్టి రద్దీ దొరుకుతుంది. కానీ కథాకాలం చూసుకోండి, మెట్రో మొదలైందే 2017 నవంబరులో. పాత బరువు కావాలంటే ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28 మూసీ వరదలో దాని కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఆ రాత్రి బతికినవాళ్లలో ఒకరు ఎవరితో ఏం ఒప్పుకున్నారో, ఆ బాకీ ఇప్పుడు ఏ మునిమనవరాలి మీదికి వచ్చిందో అక్కడి నుంచి ఆలోచించండి. దళారి భాష కూడా ఆ చుట్టుపక్కలదే కావాలి. ‘ఆత్మను సమర్పించు’ అనడు, ‘బయానా ఎంత ఇమ్మంటావ్?’ అంటాడు.