పరారీ ఫైలు చేతికొచ్చిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. సి.ఐ.డి.లో చేరీ చేరగానే నీ బల్ల మీద పరారీ ఫైలు పెట్టారని అన్నయ్య ఫోనులో చెప్పాడు. చిట్టీల డబ్బుతో దేశం దాటినవాడట. ఎవరూ ముట్టుకోని ఫైలును కొత్తవాళ్లకు అంటగట్టడం మన శాఖలో పాత ఆనవాయితీ. బాధపడకు, ఇలాంటి ఫైలు నేర్పినంత పని మరేదీ నేర్పదు. పదవీ విరమణ చేసి తీరిగ్గా ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు రెడ్ కార్నర్ నోటీసు మీద భ్రమలు పెట్టుకోకు. "నోటీసు జారీ అయింది" అని విలేకరులకు చెప్పి చేతులు దులుపుకున్న అధికారులను చాలామందిని చూశాను. ఫ్రాన్సులోని లియోన్‌లో ఉన్న ఇంటర్‌పోల్, అంటే దేశాల పోలీసులను కలిపే సంస్థ, ఎవరికీ బేడీలు వేయదు. ఆ నోటీసు 196 సభ్య దేశాలకు వెళ్లే విజ్ఞప్తి, అంతే. దాన్ని చూసి అరెస్టు చేయాలా వద్దా అన్నది ఆయా దేశాల చట్టం ఇష్టం. పైగా వచ్చిన నోటీసు నిలుస్తుందన్న భరోసా కూడా లేదు. పంజాబ్ నేషనల్ బ్యాంకు మోసం కేసు నిందితుడు, వజ్రాల వ్యాపారి మెహుల్ చోక్సీ మీద 2018లో వచ్చిన నోటీసును 2022లో ఇంటర్‌పోల్ తీసేసింది. అయినా 2025 ఏప్రిల్‌లో బెల్జియంలో పట్టుబడ్డాడు. మన దేశం నేరుగా పంపిన అప్పగింత అభ్యర్థన మీద ఆ అరెస్టు జరిగింది. కాబట్టి సి.బి.ఐ. ద్వారా నోటీసు తెప్పించు, తప్పదు. అది వచ్చాక కుర్చీలో వెనక్కి వాలకు.

ఇక మనిషిని వెతకడం. పేరు మారుస్తాడు, ఊరు మారుస్తాడు, గడ్డం పెంచుతాడు. నాలుక మాత్రం మారదు. నవ్వకు, నిజమే చెబుతున్నాను. జొవాకినో గమ్మీనో అనే సిసిలీ మాఫియా మనిషి 2002లో రోమ్ జైలు నుంచి తప్పించుకున్నాడు. మాడ్రిడ్ దగ్గర గలపగార్ అనే చిన్న ఊళ్లో మాన్యుయెల్ అని పేరు పెట్టుకుని దాదాపు 20 ఏళ్లు గుట్టుగా బతికాడు. గూగుల్ వీధి చిత్రాల్లో ఒక కూరగాయల దుకాణం ముందు నిలబడి మాట్లాడుతున్న మనిషి మీద ఇటలీ పోలీసుల చూపు పడింది. మొహం స్పష్టంగా లేదు. అదే ఊళ్లో మూతపడిన ఒక హోటలు ఫేస్‌బుక్ పేజీ తిరగేస్తే వంటవాడి దుస్తుల్లో వాడి ఫోటో, గడ్డం మీద పాత మచ్చ కనిపించాయి. వడ్డించే వంటకాల పట్టికలో సిసిలీ భోజనం! 2021 డిసెంబరులో పట్టుకున్నారు. అదే ఏడాది డొమినికన్ రిపబ్లిక్‌లో ఇంకో ఇటలీ మాఫియా వాడు దొరికాడు. యూట్యూబులో వంటల వీడియోలు పెట్టేవాడు. మొహం చూపించకుండా జాగ్రత్తపడ్డాడు కానీ, ఒంటి మీది పచ్చబొట్లు దాచుకోలేదు. మన ముంబై గ్యాంగ్‌స్టర్ రవి పూజారి ఆఫ్రికాలోని సెనెగల్‌లో ఆంథొనీ ఫెర్నాండెజ్ పేరుతో భారతీయ హోటళ్లు నడుపుతూ 2019లో చిక్కాడు. మనవాళ్ల సంగతి నీకు వేరే చెప్పాలా? డాలస్‌లో ఉన్నా, న్యూజెర్సీలో ఉన్నా ఉగాదికీ సంక్రాంతికీ నలుగురిలో కలవకుండా ఉండలేరు. వాడు ఫోటో పెట్టడు. పక్కన కూర్చుని భోంచేసినవాడు పెడతాడు.

రుచి తర్వాత అవసరం. బ్యాంకు ఖాతా, వీసా, పిల్లల బడి, ఆసుపత్రి. చోక్సీ కేసులోనే ఇంకో నిందితుడు నీరవ్ మోదీ లండన్‌లో దర్జాగా తిరుగుతుంటే 2019 మార్చిలో ఒక బ్రిటిష్ పత్రిక విలేకరి వీధిలో నిలదీశాడు. ఉష్ట్రపక్షి తోలు కోటు వేసుకున్నాడట. ఆ తర్వాత కొద్ది రోజులకే ఖాతా తెరవడానికి బ్యాంకుకు వెళితే అక్కడి ఉద్యోగి గుర్తుపట్టి పోలీసులకు కబురు చేశారు. ఇన్ని వేల కోట్ల కేసు చివరికి బ్యాంకు కౌంటరు దగ్గర తేలింది.

నీ కేసులో ముందు ఇల్లు చూడు. వాడి తల్లి మందుల ఖర్చు ఎవరు భరిస్తున్నారు, ఇంటి పన్ను ఎవరు కడుతున్నారు, పవర్ ఆఫ్ అటార్నీ ఎవరి పేర ఉంది అన్నవి కోర్టు అనుమతితో, రికార్డుల్లోంచి తెలుసుకో. ఆ ముసలావిడను స్టేషనుకు పిలిపించి గంటల తరబడి కూర్చోబెట్టే పని మాత్రం చేయకు. అది తప్పు, పైగా దండగ. ఆ పని చేస్తే వీధి వీధంతా నోరు మూసుకుంటుంది.

లుకౌట్ సర్క్యులర్‌ను, అంటే ఫలానావాడు కనిపిస్తే ఆపమని విమానాశ్రయాలకు పంపే కాగితాన్ని, తక్కువగా చూడకు. చాలామంది పెళ్లికో, చావుకో తమంతట తామే దిగుతారు, శంషాబాద్ ఇమిగ్రేషన్‌లో ఆగిపోతారు. కానీ మన ఇంటిపేర్ల గోల ఒకటుంది కదా. ఎఫ్.ఐ.ఆర్.లో ఇంటిపేరు ముందు, పొడి అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో పూర్తిగా, వేరే గడిలో ఉంటుంది. స్పెల్లింగు ఒక్కొక్క కాగితంలో ఒక్కో తీరు. సర్క్యులర్‌లో పాస్‌పోర్టు మీద ఉన్నట్టే అక్షరం అక్షరం రాయి, నంబరూ పుట్టిన తేదీ చేర్చు. పాత పాస్‌పోర్టు నంబర్లు కూడా.

ఆ పాస్‌పోర్టు అసలుదో కాదో చూడటం మరవకు. ముంబై గ్యాంగ్‌స్టర్ అబూ సలేం, అతని వెంట ఉన్న సినిమా నటి మోనికా బేదీ 2002లో పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో దొరికినప్పుడు బయటపడ్డ దొంగ పేర్ల పాస్‌పోర్టుల చిరునామా మన కర్నూలుది! విచారణ చేశామని సంతకాలు పెట్టిన పోలీసు సిబ్బందే ఆ కేసులో ముద్దాయిలయ్యారు. దరఖాస్తు మూలప్రతి తెప్పించి, సంతకాలు చేసినవాళ్లను అడుగు.

దొరికాక అసలు పని మొదలవుతుంది. బ్యాంకు అప్పుల కేసులో ఉన్న వ్యాపారి విజయ్ మాల్యా 2016 మార్చిలో దేశం విడిచి వెళ్లాడు, 2018 డిసెంబరులో లండన్ కోర్టు పంపేయవచ్చని చెప్పింది, 2020లో అప్పీళ్లూ అయిపోయాయి. అప్పుడూ విమానం ఎక్కలేదు. ఆ కేసులో ముంబై ఆర్థర్ రోడ్డు జైలు 12వ బ్యారక్ వీడియో తీసి అక్కడి జడ్జికి చూపించాల్సి వచ్చింది, గాలీ వెలుతురూ ఉన్నాయని. నువ్వు రాసే ఛార్జిషీటును పరాయి దేశపు న్యాయమూర్తి చదువుతారని గుర్తుంచుకుని రాయి. ఆ నేరం అక్కడి చట్టంలోనూ నేరమై ఉండాలి. ఏ నేరాల మీద అప్పగించారో వాటికే విచారించాలి, 1962 అప్పగింత చట్టం 21వ సెక్షను అదే చెబుతుంది. అందుకని మొదటి అభ్యర్థనలోనే అన్ని నేరాలూ చేర్చు. ఆ దేశానికి ఇచ్చే మాటలు కూడా జాగ్రత్త: అబూ సలేంకు 25 ఏళ్లకు మించి శిక్ష ఉండదని పోర్చుగల్‌కు ఇచ్చిన మాట 2022లో సుప్రీంకోర్టు వరకూ వెళ్లి నిలిచింది.

అడ్డదారి ఒకటుంది, చట్టబద్ధమైనదే. అప్పగింత కాక, ఆ దేశమే బయటికి పంపేయడం. ముంబై గ్యాంగ్‌స్టర్ ఛోటా రాజన్ 2015 అక్టోబరులో మోహన్ కుమార్ పేరున్న పాస్‌పోర్టుతో బాలి విమానాశ్రయంలో దిగి దొరికాడు, రెండు వారాలు తిరక్కుండా ఢిల్లీలో ఉన్నాడు. నీవాడు ఇంకా భారత పౌరుడే అయితే పాస్‌పోర్టు రద్దుకు వెంటనే రాయి, చెల్లని పాస్‌పోర్టు ఉన్నవాణ్ణి ఆ దేశం పంపేయడం తేలిక.

వాడు రాకపోయినా కేసు ఆగనక్కర్లేదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 356వ సెక్షను కింద, పదేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో, ప్రకటిత నేరస్థుడి (పరారీలో ఉన్నాడని కోర్టు ప్రకటించినవాడి) పరోక్షంలోనే విచారణ జరపవచ్చు. ఆస్తుల జప్తు మాత్రం వాడి కోసం ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టు. డిపాజిటర్లు వారం వారం వచ్చి అడిగేది వాడు ఎక్కడున్నాడని కాదు, డబ్బు ఎప్పుడొస్తుందని.

సాక్షుల వాంగ్మూలాలన్నీ తెలుగులోనే ఉండి ఉంటాయి. ఇంగ్లీషులోకి మార్చే మనిషిని ఇప్పుడే కుదుర్చుకో, చివరి వారంలో దొరకరు. మొదటి నాలుగు అనువాదాలు నాకు పంపు, చూసి పెడతాను.

ఆశీస్సులతో,
మీ బాబాయి