హైడ్రోజన్ మన ఇంట్లో ఎక్కడ ఉంటుంది?

“హైడ్రోజన్‌కు ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు, మూడని పుస్తకంలో చదివాను గానీ, అది నిజంగా మన చుట్టూ ఎక్కడుంది?” అని ఒకరు అడిగారు. నేను ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. ఇదే ప్రశ్న వాళ్ళు అడిగితే ముందు వంటింట్లోకి వెళ్ళి చూడమంటాను.

కుళాయి నీళ్ళు పోసిన గిన్నె గ్యాస్ పొయ్యి మీద పెట్టగానే బయటవైపు సన్నగా చెమ్మ పడుతుంది. చాలామంది గిన్నె తడిగా ఉందనుకుని తుడిచేస్తారు. ఇంకో పొడి గిన్నెలో అవే నీళ్ళు పోసి ఇండక్షన్ స్టవ్ మీద పెట్టండి, ఆ చెమ్మ రాదు. గ్యాస్ బండలో ఉండే ప్రొపేన్ అణువులో 3 కార్బన్లకు 8 హైడ్రోజన్లు, బ్యూటేన్‌లో 4 కార్బన్లకు 10. గ్యాస్ మండినప్పుడు ఆ హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరిగా మారుతుంది, చల్లటి గిన్నెకు తగిలి బొట్లు కడుతుంది. అంటే మంటలోంచి నీళ్ళు పుట్టడం మీరు కళ్ళారా చూస్తున్నారు! ఏ సమీకరణం రాసి చూపించినా పిల్లల ముఖాల్లో ఇంత వెలుగు నేను చూడలేదు.

లీటరు నీళ్ళలో దాదాపు 111 గ్రాములు హైడ్రోజనే. పంచదార, నూనె, చింతపండు పులుపు, పొలంలో చల్లే యూరియా, అన్నిట్లోనూ ఉంది. విడి వాయువుగా మాత్రం గాలిలో దాదాపు లేనట్టే.

ఇంట్లో విడిగా పుట్టే చోటు ఒకటుంది: ఇన్వర్టర్ బ్యాటరీ. డిస్టిల్డ్ వాటర్ పోసే రకమైతే, చార్జింగ్ చివర్లో కొంత నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడిపోతుంది. నీళ్ళు తగ్గడానికి ఒక కారణం ఇదే. ఆ వాయువుకు రంగూ వాసనా లేవు, గాలిలో 4 శాతం చేరితే నిప్పురవ్వకే అంటుకుంటుంది. అందుకే మా ఇంట్లో బ్యాటరీని మెట్ల కింది అలమరలోంచి తీయించి వరండాలో పెట్టించాను. మీరూ మూసిన చోట పెట్టకండి, మూతలు తీసి నీళ్ళు పోసేటప్పుడు దగ్గర్లో దీపం, అగ్గిపుల్ల ఉండనివ్వకండి.

ఇక ఐసోటోపులు. మొదటిది మామూలు హైడ్రోజన్. రెండోది డ్యుటీరియం, దానికి దాదాపు రెట్టింపు బరువుంటుంది; దీన్ని 1931లో హెరాల్డ్ యూరీ అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. డ్యుటీరియం ల్యాబ్‌కే పరిమితం కాదు, మీ గ్లాసు నీళ్ళలోనూ ఉంది. సుమారు 6,400 హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి చొప్పున, లీటరుకు 35 మిల్లీగ్రాముల దాకా వస్తుంది. మా జిల్లాలోని మణుగూరు భారజల కర్మాగారం చేసేది ఆ కాస్తనీ కూడబెట్టడమే. అక్కడ నీటికీ హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుకూ మధ్య డ్యుటీరియం చేతులు మారుతుంది: చల్లటి చోట నీటిలోకి, వేడి చోట వాయువులోకి. అలా డ్యుటీరియం చిక్కబడ్డ నీరే భారజలం, అది అణు రియాక్టర్లలో న్యూట్రాన్ల వేగం తగ్గించడానికి పనికొస్తుంది. మూడోదైన ట్రిటియం రేడియోధార్మికం, అర్ధాయువు, అంటే అది సగానికి తరిగిపోవడానికి పట్టే కాలం, 12.3 ఏళ్ళు. ప్రకృతిలో అత్యల్పం.