చార్జర్ పెట్టడం తేలికే, దాని దాకా కరెంటు తేవడమే కష్టం

"బ్యాటరీ విమానాలు, హైడ్రోజన్ విమానాలు వస్తే విమానాలు ఆగే స్టాండ్ల దగ్గర చార్జర్లు, ఒక మూల హైడ్రోజన్ ట్యాంకు పెడితే సరిపోదా?" అని అడిగారు. నేను ఒక విమానాశ్రయం ఎలక్ట్రికల్ విభాగంలో పన్నెండేళ్లు పనిచేశాను. విమానాన్ని చార్జ్ చేసిన అనుభవం నాకు లేదు. సామాన్ల బండ్లు లాగే డీజిల్ ట్రాక్టర్లు తీసేసి బ్యాటరీవి తెచ్చినప్పుడు పడ్డ తిప్పలు మాత్రం బాగా గుర్తున్నాయి.

కాగితం మీద లెక్క సరిగ్గానే ఉంది. ఒక్కో చార్జర్ ఎంత లాగుతుంది, రోజుకు ఎన్ని యూనిట్లు, అన్నీ వేశాం. డ్రైవర్లు ఏ టైముకి ప్లగ్ పెడతారన్నది ఒక్కటే వేయలేదు. షిఫ్ట్ మారే వేళకు అందరూ ఒకేసారి తెచ్చి తగిలించారు. మెయిన్ బ్రేకర్ ట్రిప్ అయింది. మా ఖర్మకొద్దీ సామాన్ల బెల్టు కూడా అదే ప్యానెల్ మీద ఉంది. ఆ పావుగంట టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. తర్వాత చార్జర్లు వంతులవారీగా ఆన్ అయ్యేలా పెట్టి గట్టెక్కాం.

ట్రాక్టరునైతే వంతు వచ్చేదాకా ఆపొచ్చు. ప్రయాణికులు ఎక్కి కూర్చున్న విమానాన్ని ఆపలేం కదా. ఒక చిన్న ప్రాంతీయ విమానానికి వెయ్యి యూనిట్లు ఎక్కించాలనుకోండి, అరగంటలో. అంటే 2 మెగావాట్లు, నష్టాలు కలపకుండానే. నాలుగు స్టాండ్లలో ఒకేసారి అయితే 8 మెగావాట్లు. స్టాండ్ దగ్గర ఇప్పటికే 400 హెర్ట్జ్ కరెంటు ఉంది కదా అంటారు కొందరు. అది ఆగి ఉన్న విమానంలో లైట్లు, కంప్యూటర్లు నడవడానికి ఇచ్చేది, మామూలుగా 90 కేవీఏ, అంటే 0.09 మెగావాట్లకు మించదు. ఈ పనికి ఏ మూలకూ రాదు. 2020లో యూరప్ విమాన భద్రతా సంస్థ సర్టిఫికెట్ ఇచ్చిన మొదటి ఎలక్ట్రిక్ విమానం పిపిస్ట్రెల్ వెలిస్ ఎలక్ట్రో బ్యాటరీ 25 యూనిట్ల లోపే. అది రెండు సీట్ల శిక్షణ విమానం. దాన్ని చూసి పెద్దవాటికి లెక్క వేయకండి.

కాబట్టి మొదటి పని చార్జర్లు కొనడం కాదు, విద్యుత్ సంస్థతో మాట్లాడటం. కొత్త ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే పెద్ద లైను), సబ్‌స్టేషన్ అంటే ఏళ్ల మాట. రద్దీ లేనప్పుడు నింపుకుని రద్దీలో వదిలే పెద్ద బ్యాటరీలు పెడితే పీక్ తగ్గుతుంది గానీ, రోజు మొత్తానికి కావలసిన యూనిట్లు తగ్గవు.

హైడ్రోజన్ అయితే కరెంటు గొడవ తప్పుతుందనుకుంటారు. అక్కడే తిరకాసు. సొంతంగా తయారు చేసుకుంటే, నీటిని కరెంటుతో విడగొట్టి హైడ్రోజన్ తీసే ఎలక్ట్రోలైజర్‌కే కిలోకు 50 నుంచి 55 యూనిట్లు కావాలి. దాన్ని మైనస్ 253 డిగ్రీలకు చల్లబరిచి ద్రవంగా మార్చడానికి ఇంకో 10 యూనిట్లు పైనే. రోజుకు 10 టన్నులంటే, 24 గంటలూ ఆగకుండా దాదాపు 27 మెగావాట్లు. ఇంతా చేస్తే ఆ 10 టన్నుల శక్తి ఇప్పటి విమానాల్లో పోసే కిరోసిన్ 28 టన్నులతో సమానం, అంటే ఎయిర్‌బస్ ఏ320 ట్యాంకులు ఒకటిన్నర సార్లు నింపినంత! బయటి నుంచి ట్యాంకర్లలో తెప్పించుకోవచ్చు, కానీ ఒక్కో ట్యాంకరుకు సుమారు 4 టన్నులే పడుతుంది. అవి నిలిచే చోటు, వాటి చుట్టూ వదలాల్సిన దూరం, ఆ స్థలం ఇప్పుడే దాచిపెట్టకపోతే తర్వాత దొరకదు.

ఫైర్ సిబ్బంది సంగతి చాలామంది చివరికి వదిలేస్తారు. హైడ్రోజన్ మంట పగటివేళ కంటికి దాదాపు కనపడదు, థర్మల్ కెమెరాలు ఉండాలి. కిరోసిన్ ఆవిరి కింద పేరుకుంటే, హైడ్రోజన్ పైకి లేచి హ్యాంగర్ కప్పు కింద చేరుతుంది. అందుకని డిటెక్టర్లు, వెంట్లు పైన ఉండాలి. బ్యాటరీ మంటకు ఇంకో బెడద. ఆరిందనుకున్నాక గంటల తర్వాత మళ్లీ రాజుకోవచ్చు. అలాంటి విమానాన్ని దూరంగా లాగి ఉంచడానికి ఒక చోటు కావాలి. అన్నట్టు, దారి మళ్లించే విమానాశ్రయంలో కూడా ఇవన్నీ లేకపోతే, అక్కడ దిగిన విమానం అక్కడే ఉండిపోతుంది.

"మరి ఇప్పుడే అన్నీ కట్టేయాలా?" అంటే, నేనైతే కట్టను. 2035కల్లా హైడ్రోజన్ విమానం అని 2020లో ప్రకటించిన ఎయిర్‌బస్, 2025లో ఆ గడువును వెనక్కి జరిపింది. విమానం ఆకారం తేలకముందే ద్రవ హైడ్రోజన్ ట్యాంకు కట్టి కూర్చోవడం తొందరపాటు. ముందు ట్రాక్టర్లు, బస్సులు, జీపీయూలతో (ఆగి ఉన్న విమానానికి కరెంటు ఇచ్చే బండ్లు) చేయి తిరగనివ్వాలి. బ్రిస్టల్ విమానాశ్రయంలో 2024లో సామాన్ల ట్రాక్టర్లను హైడ్రోజన్‌తో నడిపి చూశారు, అది సరైన దారి అనిపించింది.

ఒక్క పని మాత్రం ఇప్పుడే చేయండి. ఏప్రన్ (విమానాలు ఆగే ఆవరణ) కాంక్రీటు తిరగేసే ప్రతిసారీ, తర్వాత కేబుళ్లు లాగడానికి దాని కింద ఖాళీ పైపులు వేయించండి. ఒకే ఒక్క కేబుల్ కోసం మేం స్లాబ్ కోయాల్సి వచ్చింది. రాత్రి చివరి విమానం వెళ్లాక మొదలుపెట్టి, తెల్లవారి మొదటి విమానం రాకముందే ఒక్క రాయి ముక్క మిగలకుండా ఊడ్చి అప్పగించాలి. అలా మూడు వారాలు పట్టింది. మీరు ప్లానింగ్ వైపు ఉంటే, వచ్చే ఏప్రన్ పని టెండర్‌లో ఆ పైపుల లైను ఉందో లేదో ఒకసారి చూడండి.