బోర్డు చూసి కాదు, టైమ్ చూసి వెళ్లండి

ఈసారి వచ్చిన ప్రశ్నలు దాదాపు అన్నీ ఒకటే అడుగుతున్నాయి. ఖరీదైన రెస్టారెంట్లు కాదు, మామూలు హోటల్లో, మెస్సులో, టిఫిన్ బండి దగ్గర కడుపూ మనసూ రెండూ నిండేలా తినడం ఎక్కడ అని. అందుకే ఈ సంచిక మొత్తం వాటికే.

ప్రశ్న: నాది అనంతపురం అండి. ట్రాన్స్‌ఫర్ మీద రాజమండ్రి వచ్చి నాలుగు నెలలైంది, దానవాయిపేటలో రూమ్ తీసుకున్నా. ఆఫీస్ నుంచి వచ్చేసరికి రాత్రి ఎనిమిది, వండుకునే ఓపిక ఉండదు. బిర్యానీలు, మండీలు, నూడుల్స్ అన్నీ తిన్నా, బాగానే ఉన్నాయి, కానీ రూమ్‌కి వచ్చాక అన్నం తిన్నట్టే అనిపించదు. మెస్సుకి వెళ్తే పులుసులో బెల్లం, పచ్చడిలో బెల్లం. సంగటి, పప్పు, ఊరుబిండి పచ్చడి తిని పెరిగినదాన్ని. మనసు బాగోనప్పుడు వెళ్లి కూర్చుని తినే చోటు ఈ ఊళ్లో ఎక్కడుంది? (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: ముందు బెల్లం సంగతి తేల్చేద్దాం అమ్మా, సీమ నుంచి వచ్చిన వాళ్లు చాలామంది అక్కడే ఆగిపోతారు. మా వైపు పులుసు అంటే బెల్లం పడాల్సిందే, గుమ్మడికాయ పులుసైనా బెండకాయ పులుసైనా అంతే, కొన్ని చోట్ల సాంబారులోకి కూడా చిన్న ముక్క వెళ్తుంది. కానీ అదే ఆకు మీద బెల్లం తగలనివి కూడా ఉంటాయి కదా. ముద్దపప్పు, ఆవకాయ, దొండకాయ వేపుడు, గోంగూర, గడ్డపెరుగు. కూర్చోగానే "పులుసొద్దండి, చారు పోయండి" అని చెప్పేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. వారం రోజులు అలా తింటే మీకే తెలుస్తుంది, మీకు నచ్చనిది ఇక్కడి భోజనం కాదు, అందులో ఒక్క పులుసు మాత్రమే అని.

సంగటి కోసం మాత్రం ఇక్కడ వెతుక్కోకండి. దొరకదని కాదు, దొరికినా అది ఎవరో మెనూ కార్డు కోసం చేసిందే అవుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు పారిన దగ్గర్నుంచి ఈ డెల్టా అంతా వరి, కాబట్టి ఇక్కడ వంట చేసే వాళ్ల చెయ్యి తిరిగింది అన్నం మీద. ఏ ఊరికి వెళ్తే ఆ ఊరి వాళ్లు రోజూ కళ్లు మూసుకుని వండేది ఏదో అదే తినాలి, ఓదార్పు అక్కడే ఉంటుంది.

ఇక ఎక్కడ అంటే, నేను హోటల్ పేరు కన్నా ముందు టైమ్ చెప్తాను. మధ్యాహ్నం మెస్సుకి పన్నెండుంపావు నుంచి ఒంటిగంటంపావు లోపు వెళ్లండి. అప్పటికి మొదటి వాయి అన్నం దిగి ఉంటుంది, పప్పు గట్టిగా ఉంటుంది, వేపుడు ఇంకా కరకరమంటూ ఉంటుంది. అదే మెస్సుకి రెండున్నరకి వెళ్లి చూడండి, జనం పెరిగారని పప్పులో వేడినీళ్లు పోసేసి ఉంటారు, వేపుడు మెత్తబడిపోయి నూనె అడుక్కి దిగిపోయి ఉంటుంది, చారు మరిగి మరిగి కషాయంలా అయిపోతుంది. వండిన మనిషి ఒకరే, సరుకులూ అవే, కానీ రెండు వేరే వేరే భోజనాలు. చాలామంది రెండున్నరకి తిని ఆ హోటల్ బాగోదు అని చెప్తూ తిరుగుతారు, నాకు బాధేస్తుంది.

కొత్త మెస్సు బాగుందో లేదో తెలుసుకోవాలంటే నాదొక పద్ధతి ఉంది. ఆకు వేయగానే "ఇవాళ పచ్చడేంటండీ" అని అడుగుతాను. వడ్డించే ఆయన ఆలోచించకుండా "దోసకాయండి" అనో "వంకాయ పచ్చిమిరపకాయండి" అనో అన్నాడంటే అక్కడ పొద్దున ఎవరో రోట్లోనో మిక్సీలోనో ఆ రోజు కోసం రుబ్బారన్నమాట, ధైర్యంగా తినొచ్చు. "పచ్చడేనండి" అని గరిటె వంచేశాడంటే అది డబ్బాలోంచి వచ్చింది.

పోయినేడు అమ్మని కాకినాడ హాస్పిటల్లో పెట్టినప్పుడు నేను మూడు రోజులు క్యాంటీన్ పఫ్‌లూ టీలతో గడిపాను. నాలుగో రోజు మధ్యాహ్నం రిపోర్ట్ మంచిగా వచ్చింది, బయటికొచ్చి పక్క సందులో చిన్న మెస్సు కనిపిస్తే కూర్చున్నాను. ఎనిమిది టేబుళ్లు, గోడకి దేవుడి క్యాలెండర్, చెయ్యి కడుక్కునే చోట ప్లాస్టిక్ డ్రమ్ము. వడ్డించే పెద్దాయన నా చేతికి ఉన్న హాస్పిటల్ బ్యాండ్ చూశాడు, ఏమీ అడగలేదు. ముద్దపప్పు వేసి, నెయ్యి గిన్నెలో గరిటె రెండోసారి ముంచి పోసి, "ముందు ఇది తినండి, కూరలు తర్వాత తెస్తాను" అన్నాడు. ఆఖర్న పెరుగన్నం కలుపుకుంటుంటే ఊరమిరపకాయ ఒకటి తెచ్చి తుంపి ఆకు చివర పెట్టి వెళ్లాడు. ఆ రోజు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మీరు అడుగుతున్న చోటు ఇదేనమ్మా. రాజమండ్రిలో ఇలాంటివి కోటిపల్లి బస్టాండ్ చుట్టుపక్కల, ఇన్నీసుపేట సందుల్లో, తాడితోట వైపు బట్టల షాపుల వాళ్లు తినే చోట్ల ఉంటాయి. షాపుల్లో పనిచేసే గుమస్తాలు, మెడికల్ రెప్‌లు రోజూ ఎక్కడ తింటున్నారో చూడండి, రోజూ బయట తినాల్సిన మనిషి కడుపుకి పడని చోటికి రెండోసారి వెళ్లడు.

మీ అసలు ఇబ్బంది రాత్రి ఎనిమిది గంటలది. రాత్రిపూట మంచి మెస్సులు తక్కువ, మధ్యాహ్నం మిగిలింది వేడి చేసి పెట్టేవే ఎక్కువ. అందుకని రాత్రికి కర్రీ పాయింట్ పట్టుకోండి. చిన్న రైస్ కుక్కర్ కొనుక్కుని అన్నం మీరే పెట్టుకోండి, ఆఫీస్ నుంచి వచ్చే దార్లో పప్పు, చారు, ఒక వేపుడు పార్సిల్ తీసుకోండి, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేలోపు అన్నం అయిపోతుంది. బియ్యం మాత్రం పాతవి అడగండి, కొత్త బియ్యం ముద్దయిపోతాయి. సన్నబియ్యమే కావాలని లేదు, స్వర్ణ తిని చూడండి. మన పశ్చిమ గోదావరి మార్టేరు రీసెర్చ్ స్టేషన్లో పుట్టిన రకం, ఎంటీయూ 7029 అని 1982లో బయటికొచ్చింది, గింజ కాస్త లావు కానీ ముద్దపప్పు కలిపితే పట్టుకునే తీరు వేరు, కడుపులో కూడా నిలబడుతుంది. మీ అమ్మగారిని ఊరుబిండి పంపమనండి, వేడన్నంలో ఇక్కడి నెయ్యితో కలుపుకోండి, బెల్లం గొడవే ఉండదు.

ఏదైనా ఆదివారం ఖాళీ దొరికితే కాకినాడ బస్సెక్కండి, 60 కిలోమీటర్ల పైచిలుకు. సుబ్బయ్య హోటల్లో అరిటాకు వేసి కొసరి కొసరి వడ్డిస్తారు, వద్దంటున్నా ఇంకో చెంచా పడుతుంది. ఒక్కరే వెళ్లినా ఒంటరిగా తిన్నట్టు ఉండదు.

ప్రశ్న: పండక్కి పిల్లలతో కోనసీమ వస్తున్నాం. పిల్లలు హైదరాబాద్‌లో పుట్టారు, ఇడ్లీ అంటే మొహం తిప్పుకుంటారు. టిఫిన్ ఎక్కడ పెట్టించమంటారు? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: అంబాజీపేట తీసుకెళ్లి పొట్టిక్కలు పెట్టించండి. పిండి ఇడ్లీ పిండే, కానీ నాలుగు పనసాకుల్ని పుల్లలతో కుట్టి బుట్టలా చేసి అందులో పోసి ఆవిరి మీద ఉడికిస్తారు, ఆకు వాసన పిండిలోకి దిగుతుంది. పిల్లలకి విప్పిపెట్టకండి, బుట్ట అలాగే చేతికివ్వండి, ఆ పుల్ల లాగి ఆకు ఒలిచేటప్పుడు ఆవిరి మొహానికి తగులుతుంది చూడండి, అక్కడ పడిపోతారు. లోపల ఆకు ఈనెల గీతలు అచ్చుపడి ఉంటాయి. అంబాజీపేట అంటే కొబ్బరి మార్కెట్ కదా, చట్నీకి కొబ్బరి ఎక్కడో కాదు, పక్క వీధిలోంచే వస్తుంది. అల్లం పచ్చడి కూడా అడగండి. పొద్దున ఏడింటికల్లా అక్కడ ఉండాలి, పండగ రోజుల్లో తొమ్మిదికి వెళ్తే అయిపోయాయండి అంటారు. ఇలాంటివి పెద్ద హోటల్లో అడిగినా దొరుకుతాయి గానీ పొద్దున్నే చేసి హాట్‌బాక్స్‌లో పెడతారు, ఆకు నల్లబడి పిండి చెమ్మగిల్లిపోతుంది. చిన్న పాక హోటలే మేలు, వాయి దించినప్పుడే వడ్డిస్తారు.

ప్రశ్న: కాకినాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. టైఫాయిడ్ వచ్చి తగ్గింది, నోరు చప్పగా ఉంది, ఆకలి వేస్తోంది కానీ బయట తినాలంటే భయం. ఇంటికి వెళ్లే వీల్లేదు. (ఒక విద్యార్థి, కాకినాడ)

జవాబు: డాక్టర్ గారు ఏం తినమన్నారో ముందు అది బాబూ, నేను చెప్పేది దాని తర్వాతే. బయట తినక తప్పదంటే ఆవిరి కనిపించే తిండి మాత్రమే తిను. పొద్దున ఇడ్లీ, వాయి దించుతున్నప్పుడు నిలబడి తీసుకో, కారప్పొడీ చట్నీ ఇప్పుడొద్దు, చట్నీ పల్చన చేయడానికి పోసే నీళ్లు కాచినవి కావు. కాస్త నెయ్యి అడుగు, ఇస్తారు. మధ్యాహ్నం మెస్సుకి పన్నెండింటికే వెళ్లి మెత్తగా ఉన్న అన్నం వేయమను, చారులో గరిటె పెట్టి కలపకముందే పైన తేట తీసి పోయమను, ఒంట్లో బాగోలేదని చెప్తే వంటగదిలోంచి ఎవరో ఒకరు మిరియాలు దంచి వేసి కూడా తెస్తారు, ఇక్కడి మెస్సుల్లో నేను చాలాసార్లు చూశాను. బీరకాయ కూర ఉంటే తిను. ఉల్లిపాయ ముక్కలు, కోసి పెట్టిన పళ్లు, చెరుకు రసం, ఐసు వేసినవి ఏవీ ముట్టుకోకు. మొహమాటపడి మాట్లాడకుండా కూర్చోకు నాన్నా, చెప్తేనే పెడతారు.

ప్రశ్న: వరదల సీజన్లో మా బావగారు వస్తున్నారు. హోటల్లో ప్లేట్ పులస అని పెడుతున్నారు, తీసుకెళ్లొచ్చా? (ఒక పాఠకుడు, తణుకు)

జవాబు: వద్దండి. సముద్రంలో ఇలసగా ఉన్న చేప గుడ్లు పెట్టడానికి గోదావరి ఎర్రనీటికి ఎదురీది వస్తేనే పులస, అది ఏ కాస్తో పడుతుంది, కిలో వేలల్లో పలుకుతుంది. మామూలు హోటల్లో ప్లేటు లెక్కన రోజూ దొరుకుతోందంటే బయట రాష్ట్రాల నుంచి ఐసులో వచ్చిన ఇలసే అయ్యుంటుంది. పులస తినాలంటే తెలిసిన వాళ్ల చేత రేవులో తెప్పించుకుని ఇంట్లో మట్టిదాకలో బెండకాయలేసి సన్నటి సెగ మీద పులుసు పెట్టుకుని మర్నాడు తినాలి. హోటల్‌కే వెళ్లాలనుకుంటే బావగారికి కొర్రమీను పులుసో రొయ్యల ఇగురో పెట్టించండి, మనవైపు చెరువుల రొయ్య, వేడన్నం, అంతకన్నా మర్యాద ఏం కావాలి.

ప్రశ్న: మా అమ్మగారికి 78 ఏళ్లు. చిన్నప్పుడు పాలకొల్లులో తిన్న దిబ్బరొట్టె అడుగుతున్నారు. పళ్లు లేవు. భీమవరంలో ఎక్కడైనా మెత్తగా చేసి ఇస్తారా? (ఒక పాఠకురాలు, భీమవరం)

జవాబు: మెత్తగా చేస్తే అది దిబ్బరొట్టె కాదండి, కానీ తినే పద్ధతి ఒకటుంది. మీ భీమవరంలోనే కాదు, పాలకొల్లు, నర్సాపురం వైపు కూడా బండ్ల మీద ఇప్పటికీ చేస్తున్నారు. మినప్పిండిలో రవ్వ కలిపి, మందపాటి మూకుడులో నూనె పోసి, రెండు మూడంగుళాల మందాన పిండి వేసి, మూత పెట్టి ఆ మూత మీద కూడా నిప్పులు పోస్తారు. కిందా పైనా సెగ, సన్నగా, అరగంట పైనే. మూత తీశాక కత్తి దిగుతుంటే కరకరమని చప్పుడొస్తుంది, పైన ఎర్రటి పెచ్చు, లోపల తెల్లగా స్పాంజిలా. గ్యాసు మీద చేసిన దానికి కింద మాత్రమే పెచ్చు వస్తుంది, పైన పాలిపోయి ఉంటుంది, చూస్తేనే తెలిసిపోతుంది, నిప్పుల మీద చేసే బండే వెతకండి.

అమ్మగారి కోసం మధ్యలో ముక్క కోసిమ్మనండి, అంచు ముక్క వద్దు. పెచ్చు చుట్టూ తీసేసి, దాన్ని మీరు తినేయండి, అదే అసలు రుచి. లోపలి మెత్తటిది చిన్న ముక్కలుగా తుంపి చెరుకు పానకంలో వేసి పది నిమిషాలు ఉంచండి, పీల్చుకుని నోట్లో కరిగిపోతుంది. షుగర్ ఉంటే పానకం బదులు పల్చటి కొబ్బరి చట్నీలో నానబెట్టండి. వీలైతే పార్సిల్ కాకుండా అమ్మగారినే ఆటోలో తీసుకెళ్లండి, కాల్చేటప్పుడు వచ్చే ఆ మినప వాసన ఇంటిదాకా రాదు. అదీ కుదరకపోతే మూత ఉన్న స్టీలు గిన్నె ఒకటి పట్టుకెళ్లండి, పానకం కవర్లో కట్టిస్తే దార్లోనే సగం కారిపోతుంది.