ర్యాంకుకు ముడిపెట్టిన బేస్ గిటార్

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. మూడేళ్లుగా మా చర్చిలో ఆదివారం ఆరాధనలో బేస్ గిటార్ (పాటకు అడుగున మంద్ర స్వరాలు పలికించే గిటార్) వాయిస్తోంది. ఆ గిటార్ సంఘానిది, ఇంటికి తెచ్చుకునే వీలు లేదు. ఇప్పుడు సొంతది కావాలంటోంది. షాపులో ఇరవై వేలదీ ఉంది, రెండు లక్షలదీ ఉంది. సంగీతంలోనే స్థిరపడతానంటోంది కాబట్టి కొంటే మంచిదే కొనాలని, అవసరమైతే వాళ్లమ్మ గాజులు తాకట్టు పెట్టాలని అనుకుంటున్నాం. ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు తెస్తే ఖరీదైనదే కొంటాను, రాకపోతే అసలు కొననని చెప్పాను. ఏది కొంటే ఆమె భవిష్యత్తుకు ఉపయోగం? ఆడపిల్ల కాబట్టి ఈ రంగమంటే భయంగా కూడా ఉంది.
– ఒక తండ్రి, కాకినాడ

జవాబు: గాజులు తాకట్టు పెట్టకండి. ముందు ఈ మాట చెప్పి, మిగతావి తర్వాత మాట్లాడతాను. పాతిక వేల లోపు దొరికే మంచి బేస్ గిటార్ మీ అమ్మాయికి సరిపోతుంది. వచ్చే మూడు నాలుగేళ్లలో ఆమె ఎక్కడైనా ఆగిపోతే, ఆ తప్పు గిటార్‌ది కాదు.

ఈ ప్రశ్న నాకు ఏటా ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. ఒకరు కెమెరా గురించి రాస్తారు, ఇంకొకరు లాప్‌టాప్ గురించి, మరొకరు క్రికెట్ కిట్టు గురించి. పైకి అడిగేది ధర. లోపల నలిగే ప్రశ్న వేరే ఉంటుంది. చౌకది కొంటే బిడ్డ ఆశను నా చేత్తో నేనే తుంచినట్టవుతుందా? ఖరీదైనది కొంటే చదువు మానెయ్యమని నేనే అనుమతి ఇచ్చినట్టవుతుందా? మీ ఉత్తరం నిండా ఈ రెండు భయాలే ఉన్నాయి. ఒక్క కొనుగోలుతో ఆమె జీవితం మొత్తానికీ తీర్పు చెప్పేయాలనుకుంటున్నారు. అంత బరువు ఏ గిటార్ మీదా పెట్టకూడదు. ఇప్పుడు కొనేది సాధన చేసుకోవడానికి ఒక వాయిద్యం, అంతే. ఆమె ఏమవుతుందో ఈ బిల్లు మీద రాసి ఉండదు.

ఇక ఆ ర్యాంకు షరతు. కాస్త కటువుగానే చెబుతాను, ఏమీ అనుకోకండి. ర్యాంకు వచ్చిందనుకుందాం. ఇంజినీరింగ్‌లో చేర్పించి, వాయించే తీరిక లేని పిల్ల చేతిలో రెండు లక్షల వాయిద్యం పెడతారు. రాలేదనుకుందాం. అసలే కుంగిపోయి ఉన్న పిల్లకు మిగిలిన ఒక్క ఊరటనూ లాగేసుకుంటారు. రెండింటిలో ఏది జరిగినా నష్టపోయేది మీ అమ్మాయే. మార్కులకు బదులు సైకిల్ ఇస్తాననడం వేరు. రోజూ సాధన చేస్తే తప్ప నిలవని విద్యను బహుమతిగా వేలాడదీయడం వేరు.

కొన్నేళ్ల కిందట ఒక తండ్రి ఇలాగే షరతు పెట్టి, కుమారుడికి ర్యాంకు రాకపోతే అన్న మాట మీదే నిలబడ్డాడు. తర్వాత ఆ అబ్బాయిని నా దగ్గరకు తీసుకొచ్చాడు. గిటార్ వాయించేవాళ్లకు ఎడమచేతి వేళ్ల కొసలు కాయలు కాస్తాయి. వాయించడం ఆపేస్తే అవి మెత్తబడి పొరలుగా లేస్తాయి. తండ్రి మాట్లాడినంతసేపూ ఆ అబ్బాయి తల వంచుకుని ఆ పొరలు గిల్లుకుంటూ కూర్చున్నాడు. 'వీడికి దేని మీదా ఆసక్తి లేదండీ' అని తండ్రి నాకు చెబుతున్నాడు! ఆసక్తి ఎక్కడికి పోయిందో ఆ వేళ్ల మీదే కనబడుతోంది. ఆ షరతు ఈ రాత్రే ఎత్తేయండి. ఎత్తేశానని మీ అమ్మాయికి మీ నోటితో చెప్పండి.

మీరడిగిన పోలికకు వస్తాను. ఇప్పుడు మనం చూస్తున్న బేస్ గిటార్‌కు ఈ రూపం 1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్‌తో వచ్చింది. నాలుగు తీగలు, నెక్ (వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి మెడ) పై కొస నుంచి కింద తీగలు ఆనే వంతెన దాకా 34 అంగుళాల తీగ పొడవు. చాలా బేస్ గిటార్లకు నేటికీ అదే కొలత. ఆ ఫెండర్ కంపెనీ గిటార్ అమెరికాలో తయారైనదైతే మన దగ్గర రెండు లక్షల దాకా పలుకుతుంది. మెక్సికోలో తయారైనది దాదాపు అందులో సగం. అదే కంపెనీ స్క్వైర్ పేరుతో ఆసియా దేశాల్లో చేయించేవి పాతిక వేల అటూ ఇటూ మొదలవుతాయి. యమహా, ఐబనేజ్, కోర్ట్ కంపెనీల తొలి మెట్టు మోడళ్లు కూడా ఇంచుమించు ఆ ధరల్లోనే దొరుకుతాయి.

ఒకప్పుడు చౌక గిటార్ అంటే వంకర నెక్, నిలవని శృతి. ఇప్పుడు చెక్కను కంప్యూటర్ నడిపే యంత్రాలు కోస్తున్నాయి కాబట్టి కొలతల్లో తేడా బాగా తగ్గిపోయింది. మిగిలిన తేడా చేతిపని గంటల్లో ఉంటుంది. నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్ల (ఫ్రెట్ల) కొసలు నున్నగా రాయడం, తీగలు కూర్చునే గాళ్లను లోతు చూసి కోయడం, నెక్‌కు బాగా ఆరిన చెక్కను ఏరడం, విద్యుత్ గోల వినబడకుండా లోపల కవచం వేయడం, తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌ల నాణ్యత, శృతి కీల బిగువు. నెలలో ఇరవై రాత్రులు వేదికల మీద వాయించేవారికి ఇవన్నీ నిజంగా అవసరం. లైట్ల వేడిలో శృతి జారకూడదు, వేలమంది ముందు గుయ్యిమనే గోల రాకూడదు. తిరిగి అమ్మితే విలువ కూడా నిలుస్తుంది. ఆ అవసరం వచ్చిన రోజున మీ అమ్మాయి తన సంపాదనతోనే కొనుక్కుంటుంది.

చౌకదని చిన్నచూపు చూడకండి. స్క్వైర్ పేరుతో 1982లో జపాన్‌లో తక్కువ ధరకు చేయించిన తొలి గిటార్లను ఇప్పుడు సేకరించేవాళ్లు వెతుక్కుంటూ తిరుగుతున్నారు. బీటిల్స్ బృందంలో పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో కొన్నది సుమారు 30 పౌండ్ల హాఫ్నర్ గిటార్. ఫెండర్ ధర ఆయనకు అందుబాటులో లేక దాన్ని కొన్నాడు. బీటిల్స్ తొలి పాటల్లో ప్రపంచం విన్నది ఆ ముప్పై పౌండ్ల గిటార్‌నే.

ఒకే ధర గిటార్లలోనూ ఒకదానికీ ఇంకొకదానికీ తేడా ఉంటుంది కాబట్టి షాపులో ఒకే మోడల్‌వి రెండు మూడు దించమనండి. నెక్ అంచు వెంట బొటనవేలు పైనుంచి కిందికి జరిపితే చెక్క ఎండిన గిటార్‌కు ఫ్రెట్ల కొసలు రంపంలా గుచ్చుకుంటాయి. ప్రతి తీగనూ ఒక్కో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటించండి. ఎక్కడైనా జర్రుమంటే అక్కడ లోపం ఉన్నట్టు, లేదా తీగల ఎత్తు సరిచేయాల్సి ఉన్నట్టు. పన్నెండో ఫ్రెట్ మీద తీగను ఊరికే తాకి మీటిన స్వరమూ, అక్కడే నొక్కి మీటిన స్వరమూ ఒకటిగా పలకాలి. భుజాన వేసుకుని చేతులు వదిలేస్తే నెక్ కిందికి వాలిపోకూడదు. వాలితే గంటసేపు వాయించేసరికి ఎడమ భుజం పట్టేస్తుంది. ఇవన్నీ మీ అమ్మాయే చేయాలి, మీరు పక్కన నిలబడి తొందరపెట్టకూడదు. ఐదు తీగలది కొనమని షాపువారు చెప్పవచ్చు. ఇప్పుడు వద్దు. ఐదో తీగ 31 హెర్ట్జ్ దగ్గర పలికే మంద్ర స్వరం. చవక గిటార్లలో అది చాలాసార్లు వదులుగా, బురదలో అడుగు వేసినట్టు మోగుతుంది.

గిటార్ ఒక్కటే కొని ఇంటికి రాకండి, చాలామంది తల్లిదండ్రులు చేసే పొరపాటు అదే. బేస్ కోసం చేసిన చిన్న యాంప్లిఫయర్ కావాలి. మామూలు గిటార్ యాంప్‌కు తగిలించి గట్టిగా వాయిస్తే దాని స్పీకర్ పాడయ్యే ప్రమాదం ఉంది. వీటికి తోడు కేబుల్, సంచి, అదనంగా ఒక తీగల సెట్టు తీసుకోండి. తెలిసినవారి చేత ఒకసారి నెక్ వంపు, తీగల ఎత్తు సరిచేయించండి. పాతిక వేల గిటార్‌కు ఆ పని చేయిస్తే, ఆ పని చేయించని లక్ష రూపాయల గిటార్ కన్నా హాయిగా వాయించవచ్చు. అన్నీ కలిపి నలభై, నలభై అయిదు వేలలో అయిపోతుంది.

ఇంకో మాట. మీ అమ్మాయి వాయించింది మీరు సరిగ్గా విన్నారా అని నాకు అనుమానం. ఫోనులో తీసిన వీడియో చూసే ఉంటారు. బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్, ఫోను స్పీకర్‌లో ఆ లోతు పలకనే పలకదు. చర్చిలో పాట మధ్యలో ఆమెను ఒక్క నిమిషం ఆపమనండి. పాట కింద నేల జారిపోయినట్టు ఉంటుంది. ఆమె చేస్తున్న పని ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు నాకున్న సందేహాలు దాచకుండా చెప్పాలి. నగరాల్లో మ్యూజిక్ ప్రొడక్షన్ డిప్లొమాలు బాగా పెరిగాయి. ఏడాదికి లక్షల్లో ఫీజు, గోడ నిండా ప్రముఖులతో ఫొటోలు. ఇంటర్ అవగానే అందులో చేరతానంటూ పిల్లలు వస్తున్నారు. నేను ఇప్పటిదాకా ఎవరినీ కళ్లు మూసుకుని పంపలేదు. ఒక సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం మంచిదే, కానీ బేస్ వాయించేవారికి అన్నం పెట్టేవి చెవి, తాళం తప్పని లయ. ఆ రెండూ తెర ముందు కూర్చుంటే రావు. ఎదురుగా డ్రమ్స్ వాయించే మనిషి ఉంటేనే వస్తాయి. పైగా ఇవాళ చాలా పాటల్లో మంద్ర స్వరాలను కీబోర్డు మీదే వాయించేస్తున్నారు. ఎవరో ముందే వాయించి భద్రపరిచిన ధ్వనులను మీటలు నొక్కి వాడుకుంటారు. తీగ మీద వేలు జారే మెలిక, ఒక స్వరాన్ని సగంలో నొక్కేసే విరుపు కావాలనుకున్నప్పుడే మనిషిని పిలుస్తారు. అంటే పిలుపులు తక్కువ, వచ్చిన పిలుపు గట్టిది. స్వరపత్రం చూసి వెంటనే వాయించగలిగినవారికి, చెప్పిన వేళకు వచ్చేవారికి, ఇంట్లోనే శుభ్రంగా రికార్డు చేసి ఆ రాత్రికే పంపగలిగినవారికి ఆ పిలుపు మళ్లీ మళ్లీ వస్తుంది. మిగతా ఆదాయం వేదికల మీద, పెళ్లిళ్లలో, పిల్లలకు నేర్పడంలో ఉంటుంది. అది నెలనెలా ఒకేలా ఉండదు.

విదేశీ డిగ్రీ విషయంలో నా సందేహం ఇంకా పెద్దది. బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాల లాంటి చోట్ల ప్రవేశానికి మీ అమ్మాయి వాయించేది వింటారు, ఆమెతో మాట్లాడతారు. గిటార్ ధర ఎవరూ అడగరు. కానీ ఆ ఫీజులను అప్పుతో కట్టి, మన దేశంలో కళాకారుల రాబడితో తీర్చడం ఎంత కష్టమో తెలిసి, పద్దెనిమిదేళ్ల పిల్లను ఇల్లు కుదువపెట్టి పంపమని నేను చెప్పలేను. స్కాలర్‌షిప్ పెద్ద మొత్తంలో వస్తే అప్పుడు మళ్లీ రాయండి.

మన దగ్గర దారులు లేవని కాదు. చెన్నైలో ఏ.ఆర్. రెహమాన్ 2008లో ప్రారంభించిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ ఉంది. ట్రినిటీ, రాక్‌స్కూల్ సంస్థలు బేస్ గిటార్‌కు ఎనిమిది గ్రేడ్ల దాకా పరీక్షలు పెడతాయి. డిగ్రీ చదువుతూనే వాటికి తయారుకావచ్చు. ఏ సంస్థకు వెళ్లినా ఆ ఫొటోల గోడ ముందు నిలబడి మూడు ప్రశ్నలు అడగండి: బేస్ నేర్పేది ఎవరు, వారానికి ఎన్ని గంటలు ఎదురుగా కూర్చుని నేర్పుతారు, గత మూడేళ్లలో చదివినవారు ఇప్పుడు ఏం చేస్తున్నారు. మూడో ప్రశ్నకు ఫోను నంబర్లు ఇస్తేనే ఫీజు సంగతి మాట్లాడండి. నా మాట అడిగితే, మీ అమ్మాయి ప్రవేశపరీక్ష రాయాలి, వచ్చిన ఫలితం చూసుకుని సాయంత్రాలు మిగిలే ఏదైనా డిగ్రీలో చేరాలి. అది ఇంజినీరింగే కానక్కర్లేదు. తాకట్టు పెట్టని ఆ గాజులు ఇంట్లోనే ఉంటాయి. రెండు మూడేళ్ల తర్వాత ఆమె సాధన చూసి పై చదువు గురించి నిర్ణయించుకోవచ్చు.

ఆడపిల్ల అని రాశారు. రాత్రి కార్యక్రమాలు, ప్రయాణాలు అన్న భయం ఏ తండ్రికైనా ఉంటుంది, దాన్ని నేను తప్పుపట్టను. ఎవరితో వెళ్తోంది, ఎప్పుడు వస్తోంది, డబ్బు ఎవరు ఇస్తున్నారు అన్నవి అడిగి తెలుసుకోండి, మొదట్లో తోడు వెళ్లండి. కానీ ఇది ఆడవాళ్ల వాయిద్యం కాదన్న మాట మాత్రం ఇంట్లో రానివ్వకండి. అమెరికాలో కరోల్ కే 1963లో ఒక రికార్డింగ్‌కు బేస్ వాయించేవారు రాకపోతే ఆ చోట కూర్చున్నారు. ఆ తర్వాత వేల రికార్డింగులకు వాయించారు. ముంబయి అమ్మాయి మోహినీ డే రెహమాన్ బృందంలో వాయించింది, ఇప్పుడు ప్రపంచమంతా తిరుగుతోంది. ఆమెకు మొదట నేర్పింది ఆమె తండ్రే.

అమ్మా, నువ్వు కూడా ఇది చదువుతావని తెలుసు కాబట్టి నీకో మాట. పరీక్షలయ్యేదాకా రోజుకు నలభై అయిదు నిమిషాలు చాలు. మెట్రోనోమ్‌ను (సమానంగా తాళం దెబ్బలు వినిపించే పరికరం) నిమిషానికి అరవై దగ్గర పెట్టుకుని, ఒకే స్వరాన్ని ప్రతి దెబ్బ మీదా ఒకే బరువుతో వాయించు. పది నిమిషాలు అలా తప్పకుండా వాయించగలిగితే, వేగంగా వేళ్లు ఆడించే వీడియోలు చూసి బెంగపడాల్సిన అవసరం లేదు. మీది సముద్రం పక్క ఊరు. వాయించిన ప్రతిసారీ పొడి నూలు గుడ్డతో తీగలను కిందా మీదా తుడిచి సంచిలో పెట్టు, లేకపోతే ఆ ఉప్పుగాలికి నెలలోనే తుప్పుపట్టి వేళ్లకు గరగర తగులుతుంది.

తండ్రిగారూ, షాపుకు వెళ్లేటప్పుడు చర్చిలో ఆమెకు వాయించడం నేర్పినవారిని కూడా వెంట తీసుకెళ్లండి. ఫలితాల దాకా ఆగకుండా ఈ శనివారమే వెళ్లండి.