అమ్మమ్మ మాటకి మనవడు సిగ్గుపడుతున్నాడు

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. పెళ్లయ్యాక విజయనగరంలో ఉంటున్నాం. మా ఫాదర్ ఎక్స్‌పైర్ అయ్యాక ఏడాదిగా మదర్ మా దగ్గరే ఉంటున్నారు. బాబుకి 9 ఏళ్లు, ఇంగ్లీష్ మీడియం. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడాలని మా హస్బెండ్ రూల్. నేను తెలుగు మీడియంలో చదివాను, తప్పు మాట్లాడితే బాబు నవ్వుతాడు. ఆగస్టులో స్కూల్లో తెలుగు భాషా దినోత్సవం చేశారు. బాబు పద్యం చెప్పగానే మదర్ 'ఓలమ్మా, మా గుంటడు ఎంత బాగా సెప్పీసినాడో' అని గట్టిగా అన్నారు. పిల్లలంతా నవ్వారు. ఇంటికొచ్చాక బాబు 'నువ్వింకెప్పుడూ స్కూల్‌కి రావద్దు, నీ లాంగ్వేజ్ డర్టీ' అన్నాడు. అప్పటినుంచి ఆవిడ వాడితో మాట్లాడట్లేదు, ఊరెళ్లిపోతానంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి బాబు అన్న మాట దగ్గర ఆగిపోయాను, రెండోసారి మీరు రాసిన మాటల దగ్గర. నాన్న పోయారని రాయడానికి చేయి రాలేదు మీకు, ఫాదర్ ఎక్స్‌పైర్ అయ్యారని రాశారు. తప్పు పట్టడం లేదు. చావు, నెలసరి, జబ్బు, ప్రేమ, నోటికి బరువుగా అనిపించేదేదైనా మనందరం ఇంగ్లీష్‌లో అనేసి గట్టెక్కుతున్నాం, అలా అంటే కాస్త దూరంగా పెట్టినట్టు ఉంటుంది. నాన్న సంగతి అర్థమైంది. మరి పక్క గదిలో ఉన్న అమ్మ కూడా ఉత్తరంలో మదర్ ఎందుకైంది? నలుగురిలో 'మా అమ్మ' అంటే పల్లెటూరిదానిలా కనిపిస్తానేమోనని మీలో ఎక్కడో ఒక బెదురు ఉందనుకుంటాను. బాబు దాన్నే పట్టుకున్నాడు. ఇంగ్లీష్ బడి నేర్పింది, ఆ సిగ్గు మాత్రం ఇంట్లో అంటుకుంది. ఈ మాట కష్టంగా ఉంటుందని తెలుసు, కానీ ఇది ఒప్పుకుంటే మిగతాది తేలిక.

ఆ బెదురు ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలుసు. విశాఖపట్నంలో కాలేజీలో చేరిన మొదటి వారం లెక్చరర్ ఏదో అడిగితే 'ఏటండి?' అన్నాను. క్లాసంతా నవ్వింది. నెల రోజులు నోరు విప్పలేదు. తర్వాత 'ఏటి' మానేసి 'ఏంటి' నేర్చుకున్నాను, 'నేదు' మానేసి 'లేదు' నేర్చుకున్నాను, సెలవులకి ఇంటికొచ్చినప్పుడు మా అమ్మ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. సినిమాల్లో మన శ్రీకాకుళం యాసని ఎక్కువగా పనివాళ్లకీ, నవ్వించే పాత్రలకీ ఇస్తూ వచ్చారు, పిల్లలు అది చూస్తూ పెరుగుతారు. షాపులో రెండు ముక్కలు ఇంగ్లీష్ మాట్లాడితే 'చెప్పండి మేడమ్' అంటారు, 'ఏటి బాబూ, దీని ధరెంత' అంటే తలెత్తి కూడా చూడరు. ఏ మాట పలికితే ఎంత మర్యాద దొరుకుతుందో పిల్లలు మనకంటే ముందే లెక్కేస్తారు. మీవాడు చెడ్డవాడేం కాదమ్మా, చూసిన లెక్క అప్పజెప్పాడు, అంతే.

ఇంకో విషయం చెప్పాలి. ఆ రోజు స్కూల్లో పండగ చేసింది ఎవరి పుట్టినరోజుకో బాబుకి ఎవరూ చెప్పినట్టు లేదు. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన రోజు. ఆయన 1863లో పుట్టింది పర్వతాలపేటలో, శ్రీముఖలింగం దగ్గర, అంటే మీ పుట్టింటికి దగ్గరే. పుస్తకాల్లో ఎవరూ మాట్లాడని గ్రాంథికం ఉండకూడదు, జనం నోట్లో ఉన్న తెలుగే బడిలోకి రావాలని జీవితమంతా పోరాడిన మనిషి. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలు వాళ్ల మాటల్లో చదువుకోవాలని పుస్తకాలు రాశారు. ఆయన పేరు మీద జరిగిన పండగలో ఆయన ప్రాంతపు తెలుగు మాట్లాడిన మనిషి మీ అమ్మగారు. ఈ సంగతి బాబుకి మీరే కూర్చోబెట్టి చెప్పండి. లెక్చర్ ఇచ్చినట్టు కాదు, అన్నం కలిపి పెడుతూ చెప్పండి. 'నువ్వు పద్యం ఎవరి పుట్టినరోజున చెప్పావో తెలుసా, ఆయన మీ అమ్మమ్మ వాళ్ల ఊరి పక్కవాడు' అంటే ఏ పిల్లాడికైనా చెవులు నిక్కబొడుచుకుంటాయి.

ఇక మీవారి భయం. అది ఉత్తిది కాదు. ఇంగ్లీష్ రాక ఇంటర్వ్యూల్లో చెమటలు పట్టినవాళ్లు మన జిల్లాల్లో ఎంతమందో. కొడుక్కి ఆ గతి రాకూడదనుకోవడం తండ్రిగా న్యాయమే, ఆయనతో ఆ మాటే ముందు అనండి, వాదన పెట్టుకోకండి. కానీ ఇంట్లో తెలుగు ఆపితే ఇంగ్లీష్ వస్తుందన్న లెక్క మాత్రం తప్పు. మీరుంటున్న ఊళ్లోనే గురజాడ అప్పారావుగారి ఇల్లు ఉంది కదా, ఒక ఆదివారం ముగ్గురూ వెళ్లి చూసి రండి. ఆయన డైరీలు ఇంగ్లీష్‌లో రాసుకునేవారు, ఇంగ్లీష్‌లో పద్యాలు రాశారు, అంత ఇంగ్లీష్ వచ్చినాయనే వాడుక భాష కోసం గిడుగువారితో కలిసి నిలబడ్డారు. 2009 నాటి విద్యాహక్కు చట్టంలో కూడా వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించాలని రాసి ఉంది. బాబుని ఇంగ్లీష్ మీడియం మాన్పించమని నేనట్లేదు, ఆ నిర్ణయం మీది. ఇంట్లో ఆ రూల్ మాత్రం తీసేయండి. రోజూ సాయంత్రం ఒక అరగంట ముగ్గురూ కూర్చుని ఇంగ్లీష్ మాట్లాడుకోండి, ఆ అరగంటలో బాబే మీకు టీచర్. తప్పు దిద్దితే 'ఏదీ, మళ్లీ చెప్పు' అని మళ్లీ పలకండి. నవ్వితే అక్కడే ఆపండి, 'దిద్దు, నవ్వకు' అని ఒక్కసారి గట్టిగా చెప్పండి. దిద్దడం వేరు, ఎగతాళి వేరు, ఆ తేడా తొమ్మిదేళ్ల పిల్లాడికి బాగానే అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు పని, మీ అమ్మగారు. బాబు చేత సారీ చెప్పించి వదిలేయకండి, సారీ నోటి చివరి మాట, అది ఎవరికైనా అంటాం. ముందు మీరు వెళ్లి ఆవిడ పక్కన కూర్చోండి. బాబు చూస్తుండగా ఆవిడతో మీ ఊరి మాటే మాట్లాడండి, 'అమ్మా, తినీసినావా? కాసేపు ఇలాగ కూకో' అనండి. ఎన్నేళ్లయింది మీరలా మాట్లాడి? వాళ్లమ్మకే ఆ మాట సిగ్గు కాదని చూస్తే వాడికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. తర్వాత వాడికి ఓ పని అప్పజెప్పండి: అమ్మమ్మకి తెలిసిన చేపల పేర్లు, వానల పేర్లు, పొలంలో పనిముట్ల పేర్లు అడిగి నోట్‌బుక్‌లో రాయమనండి. ఆవిడ మొదట 'నాకేటి తెల్సు' అని తప్పించుకుంటారు, వదలొద్దు. ఇంకొకటి, మీ అమ్మగారి నోట్లో కూడా ఇంగ్లీష్ ఉంది, వినండి కావాలంటే: టేసను, బస్సు, కరెంటు, గ్యాసు, సుగరు, బీపీ. పరాయి మాటని తనకి కావలసినట్టు మలుచుకుని, ఎవరి ముందూ తల దించకుండా వాడుకుంటున్నారు ఆవిడ. బాబుకి ఇది కూడా చూపించండి.

క్లాస్ టీచర్‌తో ఒకసారి మాట్లాడండి. ఫిర్యాదులా వద్దు, అమ్మమ్మ మాటకి పిల్లలు నవ్వినప్పుడు పెద్దవాళ్లెవరైనా ఏమైనా అన్నారా అని అడగండి చాలు.

ఇంత చేసినా అమ్మగారు వెళ్తానంటే బతిమాలి ఆపకండి, ఒంటరిగా బస్సు మాత్రం ఎక్కించకండి. దసరా సెలవుల్లో మీరూ బాబూ కూడా వెళ్లండి, వాడిని వారం రోజులు అక్కడే వదిలేయండి. చెరువు గట్టు మీద వాడి ఈడు పిల్లలు ఏం మాట్లాడుకుంటున్నారో మొదటి రెండు రోజులు వాడికి సగం అర్థం కాదు. ఎవర్నో ఒకర్ని అడగాలి. అమ్మమ్మనే అడుగుతాడు.